ఈ-బుక్ కొన్నా చదవలేరు.. అంధులకు అడ్డుగా డిజిటల్ తాళం!

డబ్బులు పెట్టి కొన్న ఈ-బుక్ అయినా స్క్రీన్ రీడర్ చదవకపోతే అంధులకు అది ఖాళీ కాగితమే. పైరసీని ఆపేందుకు వేసే డిజిటల్ తాళం కొన్ని పుస్తకాల్లో అక్షరాలను స్క్రీన్ రీడర్‌కూ అందనివ్వదు. నిజానికి మన చట్టం పాఠకుడి వైపే ఉంది. దివ్యాంగుల కోసం పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చుకోవచ్చని 2012 కాపీరైట్ సవరణ చెప్పింది. చట్టం నిషేధించని పనికోసం తాళం తీస్తే నేరం కాదని సెక్షన్ 65ఏ అంటోంది. అంధుల కోసం కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిందీ భారతే.

మరి చిక్కెక్కడ? తాళం తీసుకోవచ్చన్నారు సరే, తాళంచెవి ఇవ్వాలని ఆ సెక్షన్ పబ్లిషర్‌కు చెప్పలేదు. చూపులేని పాఠకుడే దారి వెతుక్కోవాలి. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి రూల్ మారింది. తాళం వేసుకోండి, కానీ స్క్రీన్ రీడర్‌ను ఆపొద్దన్నదే దాని సారం. మన దగ్గరా బాధ్యత అమ్మేవాళ్లపై పెడితేనే ఆ హక్కు చేతికందుతుంది.