బస్సే... అయితే ఏంటంట?

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు. యుద్ధ విమానాలంటే పిచ్చి. మానిటర్ పక్కన చిన్న చిన్న ప్లాస్టిక్ మోడల్స్ వరసగా పెట్టుకుంటాడు. మొన్న లంచ్ దగ్గర మాటల్లో బ్రిటిష్ వాళ్ళ వెస్సెక్స్ హెలికాప్టర్ గురించి వస్తే ఒక్క ముక్కలో తీసిపారేశాడు. "అదేం వార్ హెలికాప్టరన్నా, బస్సుకి తుపాకీ కట్టినట్టుంటుంది!" టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సీటుకొచ్చి కూర్చున్నాక మాత్రం ఎక్కడో మండింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పేస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ బస్సు సంగతి. వెస్ట్‌లాండ్ కంపెనీ అమెరికన్ సికోర్‌స్కీ ఎస్-58 డిజైన్ తీసుకుని, అందులో ఉన్న పిస్టన్ ఇంజన్ పీకేసి టర్బైన్ ఇంజన్ పెట్టింది. 1957 మే నెలలో మొదటిసారి ఎగిరింది. ఇంజన్ ముక్కులో, పైలట్లు దాని వెనక మేడ మీద, సైనికులు కింద గదిలో. అందం విషయంలో నేను వాదించను :) తర్వాత 1960లలో వచ్చిన హెచ్‌యూ-5 రకానికి రెండు టర్బైన్లు కలిపి బిగించారు. 16 మంది సైనికుల్ని మోస్తుంది. కావాలంటే మెషిన్ గన్లు, రాకెట్లు, తీగతో నడిపే క్షిపణులు కూడా తగిలించుకోవచ్చు. మావాడు నవ్వింది ఈ తగిలించుకోవడం చూసే.

నా వాదన ఒక్కటే. ఆ హెలికాప్టర్ చేసిన యుద్ధం తుపాకీతో కాదు, ఆ 16 సీట్లతో. దాన్ని గన్‌షిప్‌లా చూసి ఫెయిల్ మార్కులెయ్యడం, ఆర్టీసీ బస్సు రేసులో గెలవలేదని ఏడవడం లాంటిది.

ఈ కథ వెస్సెక్స్ కంటే ముందే మొదలైంది. 1956 నవంబర్ 6, ఈజిప్టులో పోర్ట్ సయీద్. ఓషన్, థీసియస్ అనే రెండు ఓడల మీంచి వర్ల్‌విండ్, సికమోర్ హెలికాప్టర్లు 45 కమాండో దళాన్ని ఒడ్డుకి చేర్చాయి. నాలుగొందల పైచిలుకు మెరైన్లు, 23 టన్నుల సామాను, దాదాపు గంటన్నరలో. వియత్నాం సినిమాలు చూసి ఇదంతా అమెరికా వాడు కనిపెట్టాడనుకునే వాళ్ళు ఆ తేదీ ఒకసారి చూసుకోవాలి. ఓడ మీంచి ఒక దళాన్ని దళంగా హెలికాప్టర్లలో యుద్ధంలోకి దింపడం అదే మొదలు. ఆ వర్ల్‌విండ్లు మోసింది కూడా మనుషుల్నీ మందుగుండునీ, గాయపడ్డవాళ్ళనీ.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటేస్తే తప్పు. ఆ గంటన్నర ఆపరేషన్ పర్ఫెక్టు. కానీ ఆ యుద్ధమే తప్పు. తన దేశంలోని కాలవని తాను జాతీయం చేసుకున్నందుకు ఒక దేశం మీద పడ్డారు. అదే రోజు అర్ధరాత్రికి కాల్పులు ఆపాల్సొచ్చింది. డిసెంబర్ 22 కల్లా బ్రిటన్, ఫ్రాన్సు సైన్యాలు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. మధ్యలో నిలబడ్డ ఐక్యరాజ్యసమితి దళంలో మన సైనికులూ ఉన్నారు. తప్పు రిక్వైర్‌మెంట్‌ని టైముకి డెలివర్ చేస్తే ఏమవుతుందో దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బస్సు బాగుంది, డ్రైవర్ బాగున్నాడు, వెళ్ళిన ఊరే తప్పు. కాబట్టి నేను పొగిడేది యంత్రం పనినే, ఆ యంత్రాన్ని పంపిన వాళ్ళని కాదు.

సరే, వెస్సెక్స్‌కి వద్దాం. 1962 చివర్లో బ్రూనై తిరుగుబాటుతో మొదలై, 1966 దాకా బోర్నియోలో ఇండోనేషియాతో సాగిన గొడవ దాని అసలు పరీక్ష. అడవి, నదులు, కొండలు, మైళ్ళ తరబడి సరిహద్దు, రోడ్లు దాదాపు సున్నా. సరవాక్‌లో నదుల ఒడ్డున నంగా గాట్ అనే చోట 845 స్క్వాడ్రన్ మకాం పెట్టింది. అక్కణ్ణించి సరిహద్దు పోస్టులకి మనుషులు, తిండి, మందుగుండు అన్నీ వెస్సెక్స్‌లే. కాలినడకన రోజులు పట్టే చోటికి నిమిషాల్లో చేరారు. తక్కువ సైన్యంతో అంత పెద్ద సరిహద్దు కాయగలిగారంటే, ఒక్క పటాలాన్ని ఇవాళ ఇక్కడా రేపు అక్కడా దింపగలగడం వల్లే. శత్రువుకి కనిపించేది ఒక పటాలమే, లెక్కేసుకోవాల్సింది మాత్రం నాలుగు పటాలాలని. మరి ఇది యుద్ధం కాదా?

"అయితే రెండూ చేసే హెలికాప్టర్ తయారుచెయ్యొచ్చుగా" అంటాడు మావాడు. చెయ్యొచ్చు, చేశారు కూడా. హెలికాప్టర్ లేపగలిగే బరువు నెల జీతం లాంటిది. రాకెట్లకి ఇస్తే మనుషులకి తగ్గించాలి, కవచానికి ఇస్తే ఇంధనానికి తగ్గించాలి. అప్పు పుట్టదు. అమెరికా వాళ్ళు వియత్నాంలో హ్యూయీలకే రాకెట్లు కట్టి చూశారు. ఆ బరువుకి అవి మనుషుల్ని మోసే హ్యూయీలతో సమానంగా ఎగరలేక వెనకబడ్డాయి. చివరికి 1967లో కోబ్రాని తెచ్చి, కాల్చే పని దానికి, మోసే పని హ్యూయీకి విడదీశారు. రష్యా వాళ్ళ ఎంఐ-24 చూడండి. ఎనిమిది మంది కూర్చునే గది ఉంది. అఫ్ఘనిస్తాన్‌లో చాలాసార్లు ఆ గది ఖాళీగానే ఎగిరింది. దళాల్ని ఎంఐ-8లే మోశాయి. రెండు పనులూ చేస్తానన్న యంత్రం యుద్ధంలో ఒక పనే ఎంచుకుంది.

ఇక ఫాక్‌లాండ్స్, 1982. మావాడు తప్పకుండా శాంటా ఫే సబ్‌మెరీన్ ఎత్తుతాడు. ఒప్పుకుంటాను. ఏప్రిల్ 25న ఆంట్రిమ్ ఓడ మీది వెస్సెక్స్ దాని మీద డెప్త్ ఛార్జిలు వేసింది, మిగతా హెలికాప్టర్లు కూడా పడి దాన్ని పనికిరాకుండా చేశాయి. అది ఆయుధంతో చేసిన పనే, కాదనను. కానీ ఆ వెస్సెక్స్ సబ్‌మెరీన్ల వేట కోసమే తయారైన వేరే రకం. సరిగ్గా మూడు రోజుల ముందు అదే హెలికాప్టర్ ఏం చేసిందో కూడా చెప్పుకోవాలిగా. సౌత్ జార్జియాలో ఫార్చ్యూనా హిమానీనదం మీద ఎస్‌ఏఎస్ సైనికులు మంచుతుఫానులో ఇరుక్కుపోయారు. తీసుకురావడానికి వెళ్ళిన రెండు హెచ్‌యూ-5 వెస్సెక్స్‌లూ ఏమీ కనపడక కూలిపోయాయి. మూడోది ఓడకి వెళ్ళి, మళ్ళీ తిరిగొచ్చి, మిగిలిపోయిన అందర్నీ ఒక్క ట్రిప్పులో కుక్కుకుని లేచింది. ఒక్క ప్రాణం పోలేదు.

దళాలు మోసే వెస్సెక్స్ ఆయుధం సంగతీ చూద్దాం. జూన్ 11న ఒక హెచ్‌యూ-5, స్టాన్లీ టౌన్‌హాల్లో అర్జెంటీనా అధికార్లు సమావేశమవుతారని క్షిపణి వేసింది. తగిలింది పోలీస్ స్టేషన్‌కి. అంతే.

ఇప్పుడు అసలు దెబ్బ. మే 25న రెండు ఎక్సోసెట్ క్షిపణులు అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడని కాల్చేశాయి. కెప్టెన్‌తో సహా 12 మంది చనిపోయారు. ఓడలో ఆరు వెస్సెక్స్‌లు, మూడు చినూక్‌లు, ఒక లింక్స్ బూడిదయ్యాయి. ఆ టైముకి గాల్లో ఉండబట్టి ఒక్క చినూక్ మాత్రం మిగిలింది. ఆత్మరక్షణకి ఏ ఏర్పాటూ లేని ఒకే ఓడలో అన్ని హెలికాప్టర్లు! సర్వర్లన్నీ ఒకే ర్యాకులో పెట్టి, బ్యాకప్ కూడా ఆ పక్కనే పెట్టినట్టు. తుపాకులు పోలేదు, ఫిరంగులు పోలేదు, మిగతా యుద్ధనౌకలున్నాయి. పోయింది సీట్లు.

ఫలితం? మే 27న శాన్ కార్లోస్ నుంచి మెరైన్లు, పారాలు వీపు మీద 30 కిలోల పైన బరువేసుకుని బురదలో, చలిలో నడక మొదలెట్టారు. దాదాపు 90 కిలోమీటర్లు. ఆ నడిచిన మెరైన్ దళం ఏదో తెలుసా? 45 కమాండో. 1956లో హెలికాప్టర్లలో దిగిన అదే 45 కమాండో, ఇరవయ్యారేళ్ళ తర్వాత కాలినడకన!

వాళ్ళు నడిచి చేరారు. అందరికీ ఆ అదృష్టం లేదు. వెల్ష్ గార్డ్స్‌ని చేర్చడానికి చాలినన్ని హెలికాప్టర్లు లేక ఓడలో పంపారు. జూన్ 8న ఫిట్జ్‌రాయ్ దగ్గర పట్టపగలు సర్ గలహాడ్ ఓడలో దిగడానికి ఎదురుచూస్తూ ఉండగా బాంబులు పడ్డాయి. ఆ ఒక్క ఓడలో 48 మంది. హెలికాప్టర్ల కొరత ఒక్కటే కారణమనను. ఆదేశాల్లో గందరగోళం ఉంది, దింపడంలో ఆలస్యం ఉంది. కానీ వాళ్ళు అసలు ఆ ఓడ ఎక్కాల్సి రావడానికి మొదటి కారణం సీట్లు లేకపోవడమే.

ఇదంతా పరాయి వాళ్ళ గోల అనుకుంటే మన 1971 గుర్తు చేసుకోండి. మేఘనా నది మీద వంతెన పేల్చేసి పాకిస్తాన్ సైన్యం నిశ్చింతగా ఉంది. సగత్ సింగ్ డజనుకి అటూఇటూగా ఉన్న ఎంఐ-4 హెలికాప్టర్లతో డిసెంబర్ 9 నుంచి నది మీదుగా దళాల్ని అవతలికి దాటించేశాడు. ఢాకా దారి తెరుచుకుంది. వారం తిరక్కుండా లొంగుబాటు. ఆ ఎంఐ-4లు కూడా బస్సులే కదా మరి!

మావాడి మీద నాకు నిజంగా కోపం లేదు. వాడు నవ్విన నవ్వు మన ఫీల్డులో రోజూ వినేదే. డెమోలో మెరిసే ఫీచర్ రాసినవాడికి చప్పట్లు, ఫోటో. రాత్రి రెండింటికి బిల్డ్ మోసుకెళ్ళి క్లయింట్ దగ్గర దింపి, పొద్దున్నకి అది నడిచేలా చూసినవాడి పేరు మెయిల్లో ఆఖరి లైన్లో కూడా ఉండదు. నేనొకప్పుడు పనిచేసిన చోట "సపోర్ట్ వాళ్ళు ఇంతమంది ఎందుకు" అని సగానికి కోశారు. కోసిన నెలలోనే రిలీజ్ ఆగింది. కోడ్ అంతా రెడీగా ఉంది. దాన్ని చేర్చాల్సిన చోటికి చేర్చే మనిషే లేడు. అక్కడ పోయింది డబ్బు, కాస్త పరువు. ఫిట్జ్‌రాయ్ దగ్గర పోయింది ప్రాణాలు.

రేపు లంచ్ దగ్గర మావాడితో చెప్పాల్సిన మాట దొరికింది. "అవును తమ్ముడూ, అది బస్సే. లేకపోతే నడవాలి."