ఒకటికి వెళ్ళొస్తా మేడమ్!

ఈ వారం ప్రశ్న ఒకటో క్లాసు స్థాయిది: "మనం తాగే నీళ్ళకి రంగు లేదు కదా, మరి సుస్సు పసుపుగా ఎందుకొస్తుంది?"

పిల్లలు ఇలాంటిది అడిగితే మన ఇళ్ళల్లో మొదటి జవాబు, "ఛీ, అన్నం దగ్గర ఏంటా మాటలు!" రెండో జవాబు, "హోంవర్క్ అయిందా?" నిజానికి ఇది భలే ప్రశ్న. ఎంత భలే అంటే, ఇందులో ఒక ముక్కకి జవాబు సైన్సుకే 2024 దాకా దొరకలేదు.

పసుపు కథ మొదలయ్యేది రక్తంలో. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ తీసుకెళ్ళి ఒళ్ళంతా డెలివరీ చేయడం ఎర్ర రక్తకణాల పని. ఒక్కో కణం దాదాపు 120 రోజులు తిరిగి రిటైరవుతుంది. సెకనుకి 20 లక్షలకు పైగా కణాలు ఇలా రిటైరవుతుంటే, అన్ని కొత్తవి ఎముకల లోపలి మజ్జలో పుడుతుంటాయి. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు తలుపులు, కిటికీలు దాచుకుంటాం చూడండి, అలాగే పాత కణాల్లోని ఇనుముని ఒళ్ళు దాచుకుంటుంది. మిగిలిన ఎర్ర పదార్థం విరిగి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం అవుతుంది. మోకాలు కమిలిన చోట కొన్ని రోజులకి పసుపుపచ్చగా మారేది దీనివల్లే. పచ్చకామెర్లలో కళ్ళు పచ్చబడేదీ ఇది ఒంట్లో పేరుకుపోవడం వల్లే.

ఈ బిలిరుబిన్‌ని కాలేయం పేగుల్లోకి పంపిస్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని మళ్ళీ మారుస్తాయి. అందులో కొంచెం రక్తంలోకి తిరిగొచ్చి, కిడ్నీల గుండా యూరోబిలిన్ అనే పేరుతో బయటికి పోతుంది. సుస్సు పసుపు అదే. మిగతాది మలంతో పోతుంది, దాని గోధుమ రంగు కూడా ఈ కుటుంబానిదే. యూరోబిలిన్ సంగతి వందేళ్ళకు పైగా తెలుసుగానీ, ఆ మార్పు చేసే బ్యాక్టీరియా ఎంజైమ్ ఏదో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించింది 2024 జనవరిలో!

పిల్లలకి చెప్పడానికి ఒక్క లైను చాలు: "పాత రక్తకణాలు రిటైరై వెళ్తూ వదిలిన రంగు అది, నాన్నా."

చెత్త పోవడానికి నాలుగు దారులు

"చెత్త ఎక్కడినుంచి వస్తుంది?" అనేది తర్వాతి ప్రశ్న. వంట చేస్తే పొగ, తొక్కలు, గిన్నెలు కడిగిన నీళ్ళు తప్పవు కదా. ఒళ్ళు కూడా అన్నాన్ని శక్తిగా మార్చేటప్పుడు కొంత చెత్త మిగులుతుంది.

పొగ లాంటిది కార్బన్ డయాక్సైడ్. అది ఊపిరితో పోతుంది. పెద్దవాళ్ళు రోజుకి ఇంచుమించు కిలో బరువు కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. కంటికి కనపడదు కాబట్టి ఎవరూ ఛీ అనరు.

రెండో దారి మలం. నోటి నుంచి కింది దాకా మన ఒంట్లో ఒకటే పొడవాటి గొట్టం. తిన్నదాంట్లో పనికొచ్చేది పేగుల గోడలు లాక్కుంటాయి. అరగని పీచు, బ్యాక్టీరియా, నీళ్ళు అలాగే ముందుకెళ్ళిపోతాయి. అంటే రెండుకి వెళ్ళినప్పుడు పోయేదాంట్లో చాలాభాగం అసలు రక్తంలోకి రానే లేదు. రైలు ఎక్కకుండా ప్లాట్‌ఫారం మీద నడిచి బయటికెళ్ళిపోయిన జనం టైపు.

మూడోది చెమట. దాని అసలు డ్యూటీ ఒంటిని చల్లబరచడం. ఉప్పు, కొద్దిపాటి యూరియా పోతాయిగానీ, "చెమట పడితే విషాలన్నీ పోతాయి" అనే రీల్స్‌ని నమ్మకండి.

నాలుగోది మూత్రం. అసలు తెలివంతా ఇక్కడుంది.

భోగి ముందు ఇల్లు దులిపినట్టు

పప్పు, గుడ్డు, చికెన్ లాంటి వాటిలోని ప్రొటీన్‌ని వాడుకున్నాక అమ్మోనియా మిగులుతుంది. అది విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి రక్తంలో వదులుతుంది. ఆ యూరియాని బయటికి పంపేది కిడ్నీలు. ఒక్కోటి మన పిడికిలంత ఉంటుంది. ఒక్కోదాంట్లో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు, అంటే బుల్లి బుల్లి జల్లెడలు.

కిడ్నీ చెత్తని ఏరి పారేస్తుందని మనం అనుకుంటాం. అది చేసేది దాదాపు తలకిందులు. భోగికి ముందు ఇల్లు దులపడం గుర్తు తెచ్చుకోండి. సామానంతా వాకిట్లో పెట్టేస్తాం. కావలసినవి ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటాం. మిగిలింది భోగి మంటలోకి. కిడ్నీ కూడా అంతే. రక్తకణాల్ని, ప్రొటీన్లని లోపలే ఆపి, మిగతా నీరు, ఉప్పు, చక్కెర, యూరియా కలిసిన ద్రవాన్ని జల్లెడలోంచి వదిలేస్తుంది. తర్వాత పొడవాటి సన్న గొట్టాల్లో చక్కెరంతా, ఉప్పులో, నీళ్ళలో కావలసినంత వెనక్కి తీసుకుంటుంది.

ఈ పద్ధతిలో గొప్పతనం కోడ్ రాసేవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. పారేయాల్సినవాటి లిస్టు రాస్తే ఎప్పటికీ పూర్తికాదు, ఉంచుకోవాల్సినవాటి లిస్టు చిన్నది. అందుకే మన తాతముత్తాతల ఒంట్లోకి ఎప్పుడూ రాని కొత్త మందులు కూడా, చాలావరకు కాలేయం నీళ్ళలో కరిగేలా మార్చిపెడితే, కిడ్నీల దారిన బయటికి పోగలుగుతున్నాయి.

ఇలా రోజుకి వడకట్టేది ఎంతో తెలుసా? దాదాపు 180 లీటర్లు. ఆఫీసులో పెట్టే 20 లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది. అందులో బయటికొచ్చేది సుమారు లీటరున్నర. మిగతా అంతా వాపస్. పిల్లలకి ఈ తొమ్మిది క్యాన్ల లెక్క చెప్పి చూడండి, నోరు తెరుస్తారు.

చివరి పని మాత్రం మనది

వడకట్టడానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. నిద్రపోతున్నా నడుస్తూనే ఉంటుంది. మన చేతిలో ఉన్నవి రెండే: సరిపడా నీళ్ళు తాగడం, వచ్చినప్పుడు వెళ్ళడం.

వడకట్టిన మూత్రం మూత్రాశయంలో చేరుతుంది. పెద్దవాళ్ళది 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. సగం నిండకముందే మెదడుకి నోటిఫికేషన్ వస్తుంది. మీటింగ్ అయ్యాక వెళ్దాంలే అని మనం స్నూజ్ కొట్టగలం. పిల్లల సంగతి వేరు. వాళ్ళ మూత్రాశయం ఎంత పడుతుందో డాక్టర్లు చూసుకునే ఒక తేలిక లెక్క ఉంది: వయసుకి రెండు కలిపి 30తో గుణించాలి. ఆరేళ్ళ పాపకి 240 మిల్లీలీటర్లు. చిన్న కూల్‌డ్రింక్ సీసా అంత కూడా లేదు! ఎక్కువసేపు ఆపుకోమంటే ఎక్కడ ఆపుకుంటుంది?

అందుకే చిటికెన వేలు పైకెత్తి "ఒకటికి వెళ్ళొస్తా మేడమ్" అని అడిగితే, "ఇప్పుడే కదా వెళ్ళొచ్చావ్, కూర్చో" అనడం క్రమశిక్షణ కాదు. ఆ పాప క్లాసులో తడుపుకుంటే నవ్వేది నలభై మంది. మర్నాటి నుంచి పాప ఒక పరిష్కారం కనిపెడుతుంది: నీళ్ళు తాగడం మానేయడం. బాటిల్ నిండుగా వెళ్ళి నిండుగానే తిరిగొస్తుంది. బాత్రూమ్‌కి తలుపు గడియ లేని, నీళ్ళు రాని స్కూళ్ళల్లో పెద్ద క్లాసు ఆడపిల్లలు చేసేదీ ఇదే. మన అక్కల్ని, చెల్లెళ్ళని అడగండి, చెప్తారు.

నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. ఆపుకుంటే లోపల బ్యాక్టీరియా పెరగడానికి టైమ్ దొరుకుతుంది. ఆడపిల్లలకి మూత్రనాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్ తొందరగా లోపలికెళ్తుంది. రెండుకి ఆపుకుంటే మలబద్ధకం. గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కి పక్క తడపడం దాకా తీసుకెళ్తుంది. అప్పుడు మళ్ళీ తిట్లు పిల్లలకే.

స్కూల్లో మగపిల్లలకి, ఆడపిల్లలకి వేరువేరుగా టాయిలెట్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. 2019లో కేరళ స్కూళ్ళ నుంచి "వాటర్ బెల్" వార్తల్లోకొచ్చింది. గంట కొట్టగానే పిల్లలంతా నీళ్ళు తాగాలి. మంచి ఆలోచన. కానీ తాగిన నీళ్ళు బయటికి పోవడానికి శుభ్రమైన చోటు లేకపోతే ఆ గంట సగమే మోగినట్టు.

కిడ్నీ నొప్పని చెప్పదు

ఇంత చెప్పడానికి ఇంకో కారణముంది. పన్ను పాడైతే నొప్పి పుడుతుంది. కిడ్నీ అలా కాదు. ఒక కిడ్నీ దానం చేసినవాళ్ళు మిగిలిన ఒక్కదానితో మామూలుగా బతుకుతారు, అంత మిగులు ఉంది దానికి. ఆ మిగులు వల్లే చిక్కు కూడా. సగానికి పైగా పని పోయినా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. కాళ్ళ వాపు, ఆయాసం వచ్చేసరికి బాగా ఆలస్యమవుతుంది.

ఇదెలా ఉంటుందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూస్తే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస వైపు. కొబ్బరి, జీడితోటల పచ్చని నేల. అక్కడి ఇళ్ళల్లో క్రియాటినిన్ అనేది డాక్టరు మాట కాదు, ఇంట్లో మాట. షుగర్, బీపీ లేనివాళ్ళకి కూడా, పొలంలో పనిచేసేవాళ్ళకి, కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఇదీ కారణం అని సైన్సు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఆపుకోవడం వల్ల ఉద్దానం జబ్బు వస్తుందని నేను అనడం లేదు. కిడ్నీ ఆగిపోతే ఏం పోగొట్టుకుంటామో చెబుతున్నానంతే.

ఆగిపోతే డయాలసిస్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే డాక్టర్ సాసేజ్ తొడుగులకి వాడే సెలోఫేన్ గొట్టంతో దీన్ని తయారుచేశారు. దానివల్ల మొదటి ప్రాణం నిలబడింది 1945లో. ఇప్పటి మెషిన్లు ఎంతో మెరుగు. అయినా సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మొత్తం 12 గంటలు. మన కిడ్నీలు వారంలో 168 గంటలు పనిచేస్తాయి, సెలవు లేకుండా. తేడా ఎంతో మీరే చూడండి.

పిల్లలకి ఏం చెబుదాం?

సుస్సు రంగు చూడమనండి. పల్చటి నిమ్మరసం రంగులో ఉంటే సరే. ముదురు తేనె రంగులో ఉంటే వెంటనే నీళ్ళు తాగాలి. బీట్‌రూట్ తిన్నాక గులాబీ రంగు, బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నాక మెరిసే పసుపు వస్తే కంగారొద్దు. ఏమీ తినకుండా ఎర్రగానో, కోలా రంగులోనో వస్తే, మంట, జ్వరం ఉంటే, రోజూ నురగ నిలిచిపోతుంటే డాక్టర్ దగ్గరికి.

స్కూల్లో రెండు మూడు గంటలకోసారి వెళ్ళమనండి. టీచరు పంపకపోతే ఇంట్లో చెప్పమనండి. చెబితే, స్కూల్‌కి వెళ్ళి అడగాల్సింది మనం. సాయంత్రం బాటిల్ ఎంత ఖాళీ అయిందో చూడటానికి పది సెకన్లు చాలు.

ఇక మనకి: ఇంట్లో షుగర్, బీపీ ఉన్న అమ్మానాన్నలకి ఏడాదికోసారి క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ టెస్టులు చేయించండి. ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే పెయిన్ కిల్లర్లు రోజుల తరబడి వేసుకోనివ్వకండి.

అన్నం దగ్గర ప్రశ్న వస్తే, తినడం అయ్యాక చెప్తానని చెప్పి, నిజంగానే చెప్పండి. ఇవాళ సుస్సు గురించి సిగ్గుపడకుండా మాట్లాడగలిగిన పిల్ల, రేపు మంటగా ఉందని కూడా మీకే ముందు చెబుతుంది.

వచ్చే వారం ప్రశ్న: ఎక్కిళ్ళు వస్తే నిజంగా ఎవరైనా తలుచుకుంటున్నట్టేనా?