పళ్లు క్లీన్ చేయిస్తే వదులవుతాయా?

"సారూ, పండ్లు కడిగిపిచ్చుకున్నంక నడుమ సందులు వడ్డయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటున్నయి. మంచిగున్నవాటిని చెడగొట్టిండ్రు!"

తుక్కుగూడ నుంచి వచ్చిన ఓ గృహిణి నాతో అన్న మాటలివి. ఆ కోపంతోనే ఆమె రెండోసారి రమ్మన్నా పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లలేదు. ఏడాది తిరిగేసరికి కింది వరుసలో రెండు ముందు పళ్లు కదలసాగాయి. గార తీయడంలో పొరపాటు జరగలేదు. తీసేముందు నాలుగు మాటలు చెప్పకపోవడమే పొరపాటు. అది మా డాక్టర్లదే.

ఆ నాలుగు మాటలూ ఇప్పుడు చెబుతాను.

పళ్లమీద చేరిన పాచిని రోజూ తోమి తీసేయకపోతే, లాలాజలంలోని కాల్షియంతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. దాని చుట్టూ చిగురు వాచి, రక్తం కారి, క్రమంగా పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. పళ్లు వదులయ్యేది అందువల్లే. ఇంతకాలం సందుల్ని కప్పి ఉంచిన గార పోగానే అవి బయటపడతాయి, అంతే. జివ్వుమనడం సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

తెల్లబడలేదని నిరాశపడేవారూ ఉన్నారు. క్లీనింగ్‌తో గార, పైపై మరకలు పోతాయిగాని పంటి సహజమైన రంగు మారదు. నల్లగొండ జిల్లాలో చాలామందికి చిన్నతనంలో తాగిన ఫ్లోరైడ్ నీటివల్ల వచ్చిన గోధుమరంగు మచ్చలూ దీనితో పోవు.

మరి వైద్యం బాగా జరిగిందని తెలిసేదెలా? డాక్టరు చిగుళ్ల లోతు పరీక్షించారా? మీకున్న చక్కెర వ్యాధి గురించీ, రక్తం పలచబడే మందుల గురించీ అడిగారా? బ్రష్ ఎలా పట్టాలో చూపించారా? మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పారా? చెప్పకపోతే మీరే అడగండి. మొహమాటపడకండి. రెండు వారాలు గడిచినా తోముకునేటప్పుడు రక్తం వస్తుంటే తప్పక మళ్లీ చూపించుకోండి.

ఖర్చుకు జంకేవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.

ఆ తరువాత పని మీదే. మెత్తని బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోముకోండి. ఇటుకపొడి, బొగ్గుపొడి వాడకండి. గుట్కా, పొగాకు మానండి. చక్కెర వ్యాధి ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చక్కెర పెరిగితే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లు చెడితే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది.

ఆ గృహిణి మళ్లీ వైద్యం మొదలుపెట్టింది. ఈసారి అన్నీ అడిగి తెలుసుకుంటోంది. మీరు పళ్లు కదిలేదాకా ఆగకండి.