యాభై డాలర్లకు అమ్ముడైన గొంతు

కిందటేడు అమెరికాలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నాను. పగలంతా ఇంట్లో నేనూ, సెలవుల్లో వున్న మనవడూ. వాడు చూసే కార్టూన్లే నేనూ చూసేదాన్ని. 'ది సింప్సన్స్' అనే హాస్య కార్టూను అక్కడ 1989 నుంచీ వస్తూనే వుంది. అందులో తండ్రి హోమర్ తిండిపోతు, ముందువెనుకలు ఆలోచించని మనిషి. తల్లి మార్జ్ ఆ సంసారాన్ని నెట్టుకొస్తుంటుంది. ఒకరోజు మనవడు 1992 మార్చిలో వచ్చిన పాత భాగం పెట్టాడు. దాని పేరు 'కర్నల్ హోమర్'. వాడు పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం అందులో వచ్చిపోయే ఒక చిన్న పాత్ర మనసులో వుండిపోయింది. ఆమె పేరు లర్లీన్ లంప్‌కిన్. వూరికి దూరంగా వున్న ఒక మోటు బారులో వెయిట్రెస్.

కథ చిన్నదే. సినిమాహాల్లో భార్యతో గొడవపడ్డ హోమర్ కారు తోలుకుంటూ ఆ బారుకు చేరతాడు. అక్కడ లర్లీన్ తను కట్టిన పాట పాడుతుంది. ఇంట్లో భార్య అర్థం చేసుకోని మగవాడి మీద పాట అది. తన గురించే అనిపించి హోమర్ కరిగిపోతాడు. పాట రికార్డు చేయిస్తాడు, అది రేడియోలో మోగిపోతుంది, అతను ఆమె మేనేజరయిపోతాడు. కుటుంబం దాచుకున్న డబ్బు ఆమె రికార్డింగుకి పోస్తాడు. ఆమె అతన్ని ప్రేమిస్తుంది. అతనికి అది ఆలస్యంగా తెలుస్తుంది. అప్పుడు పెళ్ళాం గుర్తొచ్చి మేనేజరు పని వదులుకుంటాడు. వెళ్తూ వెళ్తూ లర్లీన్‌తో తనకున్న ఒప్పందాన్ని యాభై డాలర్లకు వేరొకరికి అమ్మేస్తాడు.

అక్కడ మా మనవడు మళ్ళీ నవ్వాడు. "అదేంట్రా, ఆ పిల్లను అడక్కుండానే అమ్మేశాడా?" అన్నాను. "అమ్మమ్మా, అది కామెడీ" అన్నాడు వాడు.

కామెడీయే. కాదనను. హోమర్ దుర్మార్గుడేం కాదు. ఆమె ప్రతిభను గుర్తించిన మొదటి మనిషి అతనే. కానీ కథ మనల్ని ఏం చూడమంటోంది? మార్జ్ కాపురం నిలబడుతుందా లేదా అని. భార్య ఒక వైపు, వెయిట్రెస్ ఒక వైపు, మధ్యలో మగవాడు. ఈ అమరిక మనకు కొత్తదేమీ కాదు. ఇద్దరు స్త్రీలనూ ఎదురెదురుగా నిలబెట్టాక, ఇద్దరికీ జరిగిన నష్టం ఒకే రకమైనదని ఎవరికీ తోచదు. మార్జ్‌ది ఇంటి డబ్బు పోయింది. లర్లీన్‌ది పాట మీద హక్కు పోయింది. రెండూ హోమర్ చేతుల మీదుగానే పోయాయి. కథ మాత్రం హోమర్ మంచి భర్తని తేల్చి ముగుస్తుంది.

లర్లీన్ గొంతు నటి బెవర్లీ డి ఏంజెలోది. పాటల్లో కొన్ని ఆమే రాసింది. తన పాట తనే రాసుకున్న నటి, తన పాట తనకు మిగలని వెయిట్రెస్‌కు గొంతునిచ్చింది. 2008లో లర్లీన్ మళ్ళీ వచ్చింది. ఈసారి పన్ను బాకీ పడి, బతుకు చితికి వచ్చింది. చిన్నప్పుడే వదిలేసి పోయిన తండ్రి తిరిగొచ్చి ఆమె పాటను కాజేస్తాడు. మొదటిసారి మేనేజరు, రెండోసారి తండ్రి. పదహారేళ్ళలో కార్టూనువాళ్ళకు ఆమెకోసం తోచిన కొత్త కథ ఇదే!

లర్లీన్ అన్న పేరు వింటే నాకు మరో స్త్రీ గుర్తొస్తుంది. అలబామా రాష్ట్రానికి 1967లో గవర్నరయిన లర్లీన్ వాలెస్. వరసగా రెండోసారి పోటీ చెయ్యడానికి చట్టం ఒప్పుకోక భర్త జార్జ్ వాలెస్ ఆమెను నిలబెట్టాడు. అతను నల్లవాళ్ళను వేరుగా వుంచాలని వాదించినవాడు, ఆమె పదవిలో వున్నది అతని రాజకీయం కోసమే. అంతకన్నా ఘోరం వుంది. 1961లో ఆమెకు కేన్సరు వుండొచ్చని డాక్టరు భర్తకు చెప్పాడు, ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలిసింది 1965లో. 1968 మే నెలలో చనిపోయింది. ఒంట్లో వున్న జబ్బు కూడా ముందు భర్తకే చెప్పారు.

ఇక బొమ్మల వెయిట్రెస్‌ను వదిలి నిజం వెయిట్రెస్‌ల సంగతికొద్దాం. అమెరికాలో 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడు హోటళ్ళలో పనిచేసేవాళ్ళను అందులో చేర్చలేదు. 1966 సవరణతో చేర్చారుగానీ, జీతంలో కొంత భాగం టిప్పుల్లోంచి సరిపెట్టుకోవచ్చని యజమానులకు వెసులుబాటిచ్చారు. 1991 ఏప్రిల్ నుంచీ యజమాని గంటకు తప్పనిసరిగా ఇవ్వాల్సింది 2.13 డాలర్లు. లర్లీన్ కార్టూనులో పుట్టడానికి ఏడాది ముందు మాట ఇది. సమాఖ్య చట్టంలో ఆ అంకె ఇవాళ్టికీ మారలేదు. మిగతావాళ్ళ కనీస వేతనం 2009లో 7.25 డాలర్లయింది. టిప్పులు చాలకపోతే ఆ తేడా యజమాని పూడ్చాలని చట్టంలో వుంది. కానీ లెక్క అడగాల్సింది ఎవరు? వచ్చే వారం డ్యూటీ ఎప్పుడు పడుతుందో యజమాని చేతిలో వున్న ఆ అమ్మాయే.

ఇలా టిప్పుల మీద బతికేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. జీతం యజమాని ఇస్తే పని చేస్తే చాలు. జీతం టేబుల్ దగ్గర కూర్చున్నవాడి దయ మీద వుంటే పని చెయ్యడంతో పాటు నవ్వాలి. చెయ్యి పట్టుకున్నా నవ్వాలి. వెకిలి మాటన్నా వినపడనట్టుండాలి. అంటే అక్కడ అమ్ముడుపోయేది కాఫీ ఒక్కటే కాదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మిన్నెసోటా వంటి ఏడు రాష్ట్రాల్లో యజమానే పూర్తి కనీస వేతనం ఇవ్వాలి, టిప్పు దానిపైన అదనం. అక్కడ హోటళ్ళు మూతపడలేదు. కాబట్టి ఇది వీలుకాని పని కాదు, చెయ్యదలుచుకోని పని.

తిరిగొచ్చే ముందు మా అమ్మాయి నన్నొక హోటలుకు తీసుకెళ్ళింది. వడ్డించిన ఆవిడకు నా వయసే వుంటుంది. బిల్లుతో పాటు ఎంత పెట్టాలా అని మా అమ్మాయి లెక్కలేస్తుంటే, ఆవిడ దూరం నుంచి మా బల్ల వైపు ఒకసారి చూసి తల తిప్పేసుకుంది. ఎక్కువే పెట్టించాను. బయటికొచ్చాక నాకేమీ మంచిపని చేసినట్టనిపించలేదు. రోజంతా నిలబడి పనిచేసిన ఆడమనిషి కూలి నా మనసు మెత్తదనం మీద ఆధారపడకూడదు. పాడినదానికి పాట మీద, వడ్డించినదానికి కూలి మీద వుండేది హక్కు. అది ఇంకొకరి మంచితనంగా మిగిలినంతకాలం యాభై డాలర్లకు చేతులు మారుతూనే వుంటుంది.