కోశాధికారి గారి ప్రొఫైల్ ఫొటో

వీడియో కాల్‌లో వెనకాల పుస్తకాల బీరువా కనపడేలా కుర్చీ జరుపుకునేవాళ్ళని చూసి చాలాసార్లు నవ్వుకున్నాను. ఇది ఇప్పటి జబ్బు కాదని మొన్న ఒక బొమ్మ చూశాక తెలిసింది.

ఆ బొమ్మ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. 1745 నాటి తైలవర్ణచిత్రం, గీసింది నాతియే. పదిహేనో లూయీ కొలువులోని ఆడవాళ్ళని దేవతల్లా గీసి పేరు తెచ్చుకున్నాయన. బొమ్మలో ఉన్నది బోనియే ద లా మోసన్ అనే మహా ధనవంతుడు. కత్తి, కవచం లాంటి హంగులేం లేవు. ఇంట్లో తీరిగ్గా కూర్చున్నట్టు ఉంటాడు. వెనక అరల్లో మాత్రం జంతువుల్ని భద్రపరిచిన గాజు సీసాలు! "నేను డబ్బున్నవాణ్ణి" అని కాదు, "నేను తెలిసినవాణ్ణి" అని చెప్పించుకున్నాడన్నమాట.

అది ఉత్త ఫోజేం కాదు లెండి. పారిస్‌లోని ఆయన భవనంలో రసాయనశాల, మందుల గది, యంత్రాల గది, ఎండబెట్టిన పురుగుల బీరువాలు నిజంగానే ఉండేవి. 1744లో పోయాడు. మరుసటి ఏడాది అవన్నీ వేలానికొచ్చాయి. కొన్ని బీరువాల్ని బ్యుఫాన్ రాజుగారి ఉద్యానవనం కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ పారిస్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి గ్రంథాలయంలో ఉన్నాయి.

కాబట్టి ఆయన ఆడంబరం లోకానికి పనికొచ్చిందనే అంటాను. కానీ బొమ్మలో ఒకటి లేదు. ఆయన లాంగ్‌డాక్ ప్రాంతపు కోశాధికారి, తండ్రి నుంచి వచ్చిన పదవి. ఆ ప్రాంతం జనం కట్టిన పన్నులు చేతులు మారే చోట పోగైన సంపద అది. సీసాలకి చోటిచ్చిన చిత్రం ఆ జనానికి ఇవ్వలేదు.

నా సంగతికొస్తే, రెండేళ్ళ క్రితం ఈఎమ్ఐలో కొన్న టెలిస్కోప్ అటక మీదుంది. చంద్రుణ్ణి చూసింది నాలుగుసార్లు, దాంతో ఫొటో దిగింది అంతకంటే ఎక్కువ. నాన్న చిట్టీ పాడి ఇంజనీరింగ్ ఫీజు కట్టిన సంగతి నా ప్రొఫైల్‌లో ఎక్కడా ఉండదు.

గొప్ప కోసం కొన్నా తప్పులేదు, ఎవరికో ఒకరికి పనికొస్తే చాలు. ఈ ఆదివారం టెలిస్కోప్ మా వీధి చివర స్కూలుకి ఇచ్చేస్తున్నాను. ఈఎమ్ఐ ఇంకా నాలుగు నెలలుంది, అది వేరే విషయం :)

మీ అటకల మీద ఏమున్నాయో మరి?