ఆరేండ్ల దుబాయ్ చెమటకు ఏడాది ఎమ్మెస్సీ



ఈ మధ్య మన గ్రూప్‌లో ఒకే రకం మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. "కొడుక్కి లండన్ దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో సీటు వచ్చింది, పైసలు ఎట్ల సర్దాలె?" అని. సీటు వచ్చింది అనే మాట దగ్గరే ఆగుదాం. ఆ సీటు రాలేదు, అమ్మారు. కొంటున్నది మీరు.

అన్ని కోర్సులుండగా ఇదే ఎందుకు అంటగడుతున్నారో ఆలోచించండి. బీకాం, బీఎస్సీ, బ్యాక్‌లాగ్‌లు ఈడ్చుకుంటూ పాసైన బీటెక్, ఏదున్నా సరే. చాలా యూనివర్సిటీలు ఉద్యోగ అనుభవం అడగవు. కోడింగ్ లేదు, లెక్కలు పెద్దగా లేవు, ఏడాదిలో అయిపోతుంది. చివర్న "మేనేజర్" అనే మాట ఉంది కాబట్టి ఊళ్లో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. ఏ పిల్లాడు వచ్చినా కన్సల్టెన్సీ వాళ్లు ఈ డబ్బాలో వేయగలరు. పైగా "మా సర్వీస్ ఫ్రీ సార్" అంటారు. మీ పిల్లాడు కట్టే ఫీజులోంచి యూనివర్సిటీ వాళ్లకు కమీషన్ ఇస్తుంది కాబట్టి ఫ్రీ. గాలానికి గుచ్చిన ఎర కూడా చేపకు ఫ్రీనే.

ఇప్పుడు అసలు విషయం. ప్రాజెక్ట్ మేనేజర్ అంటే ఎవరో అమీర్‌పేటలో ఏసీ కింద కూర్చున్న కౌన్సెలర్ కంటే మనకే బాగా తెలుసు. మీ సైట్‌లో తెల్ల హెల్మెట్ పెట్టుకుని తిరిగే ఆ మనిషిని గుర్తు తెచ్చుకోండి. వయసెంత? నలభై, యాభై. సైట్ ఇంజనీర్‌గా మొదలుపెట్టి, దుమ్ము తిని, కన్సల్టెంట్‌తో తిట్లు తిని, పదిహేనేండ్లకో ఇరవై ఏండ్లకో ఆ కుర్చీకి వచ్చినోడు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా యూఏఈలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్. ఆ రెండున్నర గంటలు పోతే స్లాబ్ కాంక్రీట్ ఎప్పుడు వేయాలి, రాత్రికి ఎంతమందిని ఆపాలి, పంప్ రాకపోతే ఏం చేయాలి? ఇది సైట్ ఆఫీసు గోడకు అంటించిన బార్ చార్ట్ చూసి తేల్చే పని కాదు. ఇరవై మూడేండ్ల పోరగాడు ఒక్క ఏడాది చదువుకుని నేరుగా వచ్చి మీ సైట్‌కు ప్రాజెక్ట్ మేనేజర్ అయ్యాడా ఎప్పుడైనా? మరి మీ కొడుకు లండన్‌లో ఎట్ల అవుతాడు?

ఈ పని చేసేవాళ్లు కూడా ఇదే చెప్తున్నారు. ప్రపంచమంతా అడిగే పీఎంపీ సర్టిఫికెట్‌కు పరీక్ష రాయాలంటే, నాలుగేండ్ల డిగ్రీ ఉన్నోడికి కూడా ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు కావాలి. ముందు పని, తర్వాత కాగితం. ఎమ్మెస్సీ చెడ్డ చదువు అని మేం అనడం లేదు. షెడ్యూల్, ఖర్చు, రిస్క్, కాంట్రాక్ట్, ఇవన్నీ అందులో పద్ధతిగా చెప్తారు. నాలుగేండ్లు సైట్ మీద చేసిన సివిల్ ఇంజనీర్‌కు అది పదును పెడుతుంది. కత్తే లేనోడికి ఆకురాయి అమ్మితే ఏం చేసుకుంటాడు?

ఇక పైసలు. చాలా చోట్ల ఈ కోర్సు ఫీజు 15 వేల పౌండ్లు దాటుతుంది. పౌండుకు సుమారు 4.8 దిర్హాములు పట్టుకుంటే 72 వేల దిర్హాములు. నెలకు వెయ్యి దిర్హాములు ఇంటికి పంపే మనిషికి అది 72 నెలలు. ఆరేండ్లు. అంటే ఆ ఆరేండ్లు ఇంట్లో పొయ్యి వెలగకూడదు, బిడ్డ పెండ్లి కాకూడదు, అమ్మకు మందులు కొనకూడదు. ఇందులో వీసా ఫీజు లేదు, ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ లేదు, విమానం టికెట్ లేదు, అక్కడి గది అద్దె లేదు. ఖాతాలో 28 రోజులు డబ్బు చూపించాలంటే దానికీ ఓ మనిషిని వాళ్లే చూపిస్తారు, వాడు మిత్తి ముందే కోసుకుంటాడు. చివరికి ఎకరం భూమి కాగితాలు బ్యాంకులోకి పోతాయి.

"పార్ట్ టైమ్ చేసుకుని ఫీజు వాడే కట్టుకుంటాడు" అని చెప్పి ఉంటారు. వినండి. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని. డిసర్టేషన్ రాసే ఎండాకాలం కూడా మాస్టర్స్ పిల్లలకు సాధారణంగా సెలవు కింద రాదు. 2026 ఏప్రిల్ నుంచి 21 దాటినోళ్లకు కనీస కూలి గంటకు 12.71 పౌండ్లు. వారానికి 254. గది, తిండి, బస్సు పోగా ఫీజుకు మిగిలేది మీరే లెక్క వేసుకోండి. గంటలు మించి చేతి డబ్బుకు పని చేసి దొరికితే వీసాకే ఎసరు.

చదువైపోయాక? ఉద్యోగం ఉన్నా లేకున్నా ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లు రెండేండ్లు ఉండేది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు 18 నెలలే. 2026 సెప్టెంబర్‌లో చేరే పిల్లాడికి ఈ 18 నెలలే వర్తిస్తాయి. ఆ లోపు స్పాన్సర్ లైసెన్స్ ఉన్న కంపెనీ దొరకాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. చదువు ముగించి మారే కొత్తవాళ్లకు తగ్గించి 33,400. ఆ ఉద్యోగానికి వేరుగా కట్టిన రేటు ఎక్కువైతే అదే. ఒక్క రోజు కూడా ప్రాజెక్ట్ మీద పని చేయనోడికి అంత జీతమిచ్చి, స్పాన్సర్ ఖర్చులు కూడా పెట్టుకుని ఎవరు తీసుకుంటారు? ఇంతకుముందు "ఏదీ దొరక్కపోతే కేర్ వర్కర్ ఉంది కదా" అనేవాళ్లు. 2025 జూలైలో బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు. కన్సల్టెన్సీ బ్రోషర్లో ఈ ముక్క మాత్రం ఎక్కడా కనపడదు.

మీరేమంటారో తెలుసు. "నా లెక్క నా కొడుకు కావొద్దు అన్నా." ఈ మాటకు ఎదురు చెప్పడం కష్టం. క్యాంపులో పన్నెండు మంది ఉన్న గదిలో పడుకునే తండ్రికి ఆ కోరిక ఉండాలి కూడా. కానీ కన్సల్టెన్సీ వాళ్లు అమ్మేది సరిగ్గా ఆ కోరికనే. అప్పు తీర్చడానికి గోదాంలో రాత్రి డ్యూటీ చేసే కొడుకు మీ లెక్క కాకుండా పోయాడా? మీరైనా దుబాయ్ వచ్చేటప్పుడు కూలి పనికే వస్తున్నామని తెలిసి వచ్చారు. వాడికి మేనేజర్ అని చెప్పి పంపుతున్నారు.

పిల్లాడు సివిల్ చదివాడంటే ముందు హైదరాబాద్‌లోనో ఇక్కడ గల్ఫ్‌లోనో సైట్ మీదికి పంపండి. రెండు మూడేండ్లు చేయనివ్వండి. అప్పుడు కూడా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంటే చదవాలనిపిస్తే శామీర్‌పేటలో నిక్మార్ ఉంది. అదీ చవక కాదు, కానీ పౌండ్లలో కట్టక్కర్లేదు. లండనే పోతానంటే అప్పుడు పోనివ్వండి, చేతిలో అనుభవం కాగితం ఉంటుంది. బీకాం పిల్లాడైతే ఈ కోర్సు పేరెత్తిన కన్సల్టెంట్‌ను ఒక్కటే అడగండి: పోయినేడు మీరు పంపిన, అనుభవం లేని పిల్లల్లో ప్రాజెక్ట్ ఉద్యోగంతో స్పాన్సర్ వీసా వచ్చినోళ్లు ఎంతమంది, వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించండి. వీడియోలో నవ్వేవాళ్లు కాదు, ఫోన్‌లో మాట్లాడేవాళ్లు.

ఇంకో మాట, ఇది పిల్లల గురించి కాదు, మన గురించి. పీఎంపీకి డిగ్రీ లేకపోయినా దారి ఉంది. పన్నెండో తరగతి స్థాయి చదువు, ప్రాజెక్టులు నడిపిన అనుభవం 60 నెలలు, 35 గంటల శిక్షణ. ఇంగ్లిష్ కూడా బాగా రావాలి, అందరికీ అయ్యే పని కాదు. కానీ మనలో చార్జ్‌హ్యాండ్‌లు, ఫోర్‌మన్‌లు ముప్పై మందిని నడిపిస్తూ వీసాలో మాత్రం "మేసన్" అనే ఉన్నారు. కంపెనీ మారేటప్పుడు, ఇంటికి పోయేటప్పుడు నిజంగా చేసిన పని రాసిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే గ్రూప్‌లో చెప్పండి, లెటర్ ఎట్ల రాసి అడగాలో మేం చూపిస్తాం.

యూనివర్సిటీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చినోళ్లు డిపాజిట్ కట్టకముందే దాని ఫోటో అడ్మిన్‌కు పంపండి. పాస్‌పోర్ట్ నంబర్ కనపడకుండా మూసి పంపండి. కట్టాక పంపితే మేం చేయగలిగేది తక్కువ.