నల్లమల దారికి చెంచులే పెద్దదిక్కు

చైత్ర పౌర్ణమి దగ్గర పడుతుంటే మన్ననూరు చెక్‌పోస్టు వద్ద బండ్లు బారులు తీరతాయి. చాలామంది పోయేది నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమల లోతట్టున ఉన్న సలేశ్వరానికే. ఫరహాబాద్ మీదుగా అడవి బాట పట్టి రాంపూర్ పెంట (చెంచు గూడెం) దాకా వాహనాల్లో పోవచ్చు. ఆపైన నడకే. దారి ఒకచోట కొండ అంచుకు అతుక్కుని సాగుతుంది; ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు అదే బాటలో ఎదురుపడతారు. ఒకరి భుజం పట్టుకుని ఒకరు పక్కకు తిరిగితేనే అడుగు ముందుకు పడుతుంది. లోయ అడుగున జలపాతం, దాని దగ్గర గుహలో లింగమయ్య. పూజారులు ఈ అడవి ఆదివాసులైన చెంచులు.

2023 ఏప్రిల్ జాతరలో రద్దీ అదుపు తప్పి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటిది జరిగినప్పుడు ముందుగా వినిపించే డిమాండ్ రోడ్డు. బండి గుడి దాకా పోవాలంటారు. ఆ కోరిక వెనక భక్తి ఉంది, ముసలివాళ్ల మోకాళ్ల నొప్పీ ఉంది. అయినా అది సరైన మందు కాదు. రోడ్డు పడితే వచ్చే జనం పెరుగుతారు, లోయలో నిలబడే చోటు మాత్రం పెరగదు.

పైగా అది పులుల అడవి. కృష్ణకు ఇవతలి అమ్రాబాద్, అవతలి నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాలు రాష్ట్ర విభజనకు ముందు ఒక్కటే; 1983లోనే టైగర్ ప్రాజెక్టు కిందికి వచ్చాయి. ఇప్పుడు ఒక్క అమ్రాబాద్ విస్తీర్ణమే 2,600 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. జాతర వచ్చేది వాగులు ఎండే కాలంలో. నీరు మిగిలేది లోయల్లో, దోనల్లో. అడవి జంతువులు దాహం తీర్చుకోవాల్సిన చోటుకే వేలాది మంది ఒక్కసారిగా చేరతారు. ఎండుగడ్డి మీద ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు, కొండంతా అంటుకోవడానికి.

నల్లమలలో నడక ఎప్పుడూ లోటు కాదు, మొక్కులో భాగం. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట ఇప్పటికీ బతికే ఉంది. ఉగాది ముందు కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా ఆ బాట పడతారు. ఘాట్ రోడ్డు ఉందని, బస్సులు తిరుగుతున్నాయని వాళ్లకు తెలియక కాదు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, మళ్లీ ఆవలి మెట్లెక్కేటప్పుడు నోట మల్లన్న పేరు తప్ప మరో మాట రాదు. ఆ దారిని మెరుగుపరచడమంటే విరిగిన మెట్లు సరిచేయడం, తాగునీళ్లు పెట్టడం, వైద్యులను కూర్చోబెట్టడం. తారు పోయడం మాత్రం కాదు.

అహోబిలంలో దేవుడే ఊళ్లు తిరుగుతాడు. కనుమతో పారువేట మొదలవుతుంది. తన కల్యాణానికి పిలవడానికి నరసింహస్వామి పల్లకిలో బయలుదేరి, నలభై రోజులకు పైగా పల్లెలు చుట్టి వస్తాడు. చెంచులు పల్లకి వైపు బాణాలు వేసి స్వాగతం చెబుతారు. చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ, స్వామి అల్లుడు. ఇంత గొప్ప వారసత్వానికి రాతి గోపురాలకు ఇచ్చే విలువలో సగమైనా పర్యాటక ప్రచారంలో దక్కడం లేదు. అందులో చెంచుల పాత్రను చివరి వాక్యంలో, అదీ ఫొటో కోసం, చేర్చడం బాధ కలిగిస్తుంది.

ఈ అడవి గురించి చెంచులకన్నా ఎరిగినవాళ్లు లేరు. కొండచరియ నుంచి తాడు మీద వేలాడుతూ తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే అయ్యుండాలన్నది వాళ్ల ఆచారం. తోబుట్టువు పసుపుకుంకుమల కోసమైనా ఆ తాడు వదలడన్న నమ్మకం. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లోనే చెంచుల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఎనిమిది దశాబ్దాలు గడిచినా ప్రభుత్వ జాబితాలో వాళ్లు అత్యంత బలహీన ఆదిమ గిరిజనులుగానే ఉన్నారు. వాళ్ల పెంటల మీదుగా పోయే యాత్రికుడు ఖర్చు పెట్టే డబ్బు మాత్రం ఎక్కువగా జీపులకు, హోటళ్లకు, నీళ్ల సీసాలకు పోతోంది.

మార్గం లేకపోలేదు. శ్రీశైలం దగ్గర ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి అటవీశాఖ రోజూ కొన్ని జీపులనే పంపుతుంది. చివరి కొంత దూరం నడవాల్సిందే, చీకటి పడేలోగా తిరిగి రావాల్సిందే. అయినా భక్తులు తగ్గలేదు. బైర్లూటి, తుమ్మలబైలు అటవీ పర్యాటక శిబిరాల్లో చెంచు యువకులు పనిచేస్తున్నారు. శ్రీశైలం అడవి రోడ్డు మీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు నిలిపేస్తే అందరూ అలవాటు పడ్డారు. కారణం వివరించి కచ్చితంగా అమలు చేస్తే జనం మాట వింటారు.

సలేశ్వరంలో ముందస్తు నమోదుతో రోజుకు ఇంతమందే అన్న లెక్క పెట్టాలి. దిగడానికి, ఎక్కడానికి వేర్వేరు వేళలు కేటాయించాలి. ప్రతి బృందానికీ చెంచు దారిచూపరి తప్పనిసరి కావాలి, అతనికి రోజు కూలీ చేతికందాలి. పేద భక్తుడి దగ్గర రూపాయి కూడా తీసుకోనక్కర్లేదు. అడవి సఫారీకి వచ్చేవాళ్ల రుసుములోంచి ఆ కూలీ ఇవ్వొచ్చు, మిగిలినదాంట్లో వాటా పెంటల తాగునీటికీ, బడికీ వెళ్లాలి. ఎంతమందిని పంపాలో, జాతర ఎన్నాళ్లు జరపాలో తేల్చే సమావేశంలో అధికారుల పక్కన చెంచు పెద్దలకూ కుర్చీ వేయాలి. అది పౌర్ణమికి వారం ముందు హడావుడిగా జరిగే సమీక్ష కాకూడదు. సంక్రాంతి వెళ్లగానే కూర్చుంటే బాట బాగుచేయడానికి, యువకులకు శిక్షణ ఇవ్వడానికి రెండు నెలలకు పైగా సమయం చేతిలో ఉంటుంది.